రెండో జట్టులో గ్రజీనా

"ఎనభై చాలవు," అన్నాడు గ్రజీనా భర్త రోమన్, ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని. "ఒలెక్ ఒక్కడే కూర్చున్నంతలో పదిహేను లాగించేస్తాడు."

"మన కొడుక్కి ఇరవై ఆరేళ్ళు. నీళ్ళు మరిగించుకోవడం వచ్చు," అంది గ్రజీనా. ఆమె చేతులు పిండిలోనే ఉన్నాయి. బంగాళాదుంప ముద్ద పెట్టి, మడిచి, అంచులు నొక్కి, పళ్ళెంలోకి. ఇంకోటి.

"ఇందులో సగం క్యాబేజీవే," అంది కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు లెయొకాదియా. "నాకు క్యాబేజీ పడదని తెలిసి కూడా చేశావంటే ఏమనుకోవాలమ్మా?"

ఈ రభస పొద్దున్నించీ నడుస్తోంది. పోలండ్‌లోని గ్దీనియా రేవులో ఉండే 'రిబిత్వా' అనే శిక్షణ ఓడ మీద ఆగస్టులో రెండు వారాలు స్వచ్ఛందంగా పనిచేయడానికి గ్రజీనా వెళ్ళాలి. ఆ రెండు వారాల కోసం మూడు శనివారాలుగా పియెరోగీలనే ఈ కుడుములు చుడుతోంది. "నేనేమైనా వద్దన్నానా?" అనడం రోమన్‌కి ఊతపదమైపోయింది. ఇంటికి ఎవరొచ్చినా, "మా అడ్మిరల్ గారు సముద్రం మీదికి వేంచేస్తున్నారు, మేం చన్నీళ్ళు తాగి బతకాలి," అని నవ్విస్తాడు. ఆ నవ్వుల మధ్య ఆమె కాఫీ కప్పులు ఎత్తుతుంది.

పదిహేడేళ్ళ వయసులో తెరచాప పడవ నడిపే లైసెన్సు తెచ్చుకుంది. పెళ్ళయ్యాక అది సొరుగు అడుక్కి చేరింది. యాభై రెండో ఏట, పోయిన వేసవిలో మళ్ళీ ఓడెక్కింది. ఎక్కిన రోజే తెరచాప స్తంభం పక్కన బోర్డు మీద నాలుగు జట్ల పేర్లు రాశారు. ఒక్కో జట్టు వంతులవారీగా డెక్, చుక్కాని చూడాలి. నాలుగు రోజులకోసారి ఆ జట్టు మొత్తానికీ వంటగది పని. రెండో జట్టులో తన పేరు చూసుకుని ఆమె చిన్నపిల్లలా మురిసిపోయింది.

మొదటి వంటరోజు ఆమె చేసిన బార్లీ సూప్‌తోనే వచ్చింది చిక్కంతా. "అబ్బ, మా అమ్మ గుర్తొచ్చింది!" అన్నారు అందరూ. మర్నాడు మూడో జట్టువాడొకడు తల గోక్కుంటూ వచ్చాడు. "ఆంటీ, మీ వంతు చుక్కాని నేను పడతాను, నా వంతు ఉల్లిపాయలు మీరు తరగరూ?" ఆ తర్వాత అడగడం కూడా మానేశారు. అధికారి విటోల్డ్ భుజం తట్టి, "మీ చేతిలో మహత్తు ఉందండీ," అన్నాడు. పద్నాలుగు రోజుల్లో ఆమె చుక్కాని పట్టింది ఒక్క తెల్లవారుజామున, నలభై నిమిషాలు. చక్రం తిప్పాక ఓడ కాసేపు ఆలోచించుకుని, అప్పుడు మాట వినేది. ఇంట్లో తన మాట విని ఏదైనా కదిలిన రోజు ఆమెకు గుర్తులేదు.

అయినా ఏమీ అనలేదు. ఆడదానికి అలవాటే కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకున్నందుకు ఇప్పుడు తన మీదే ఒళ్ళు మండుతోంది. ప్రయాణం చివర కెప్టెన్ సంతకంతో ఇచ్చే కాగితం పట్టుకుని వసంతంలో పై లైసెన్సు పరీక్షకు దరఖాస్తు పెడితే, అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "ఇందులో 'వంట సహాయం' అని ఉందండీ. డెక్ మీద గంటలేవీ?" ఆమె పనిచేసిన గంటలన్నీ తిన్నవాళ్ళ కడుపుల్లో అరిగిపోయాయి. ఇంట్లో దీన్ని ప్రేమ అంటారు. ఓడ మీద నైపుణ్యం అన్నారు. ఇంట్లో కనీసం వంతుల బోర్డు లేదు. అక్కడ ఉంది, తుడిపేశారు.

ఫోన్ మోగింది. రోమన్ తీసి స్పీకర్ నొక్కాడు. విటోల్డ్.

"మేడమ్ వస్తున్నారుగా? మీరు లేకపోతే కుర్రాళ్ళు ఓడెక్కనంటున్నారు!"

రోమన్ పకపకా నవ్వాడు. "చూశావా? అంత దూరం పోయి చేసేదీ అదే. ఇక్కడే చేస్తే టికెట్టు ఖర్చు మిగిలేది!"

గ్రజీనా పిండి చేతులతోనే ఫోన్ మీదికి వంగింది. "నేను ఏ జట్టులో ఉన్నాను?"

"మీకు జట్టెందుకండీ? వంటగది మొత్తం మీదే. రాణీగారిలా ఉండొచ్చు."

"వంట నా వంతు రోజే చేస్తాను. మిగతా రోజులు డెక్ మీద ఉంటాను."

"అలాగైతే... ఈసారి డెక్ మీద ఖాళీలు లేవండీ."

"సరే. నా పేరు కొట్టేయండి."

రోమన్ భుజాలెగరేశాడు. "మంచిదే అయింది. పీడా పోయింది." అత్తగారు సిలువ గుర్తు వేసుకుంది, సంతోషంతోనే. గ్రజీనా చేతులు కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ష్చెచిన్ రేవు నుంచి బయల్దేరే ఒక పాత ఓడ ఫోన్ నంబరు ఆమె దగ్గర నెల రోజులుగా ఉంది. ఫోనెత్తిన ముసలి గొంతు ఆడ గొంతు. గ్రజీనా మొదట అడిగింది వంటగది గురించే. "అందరికీ వంతే తల్లీ," అందా గొంతు. "కెప్టెన్‌నైనా నేనూ గిన్నెలు తోముతాను. నీకు తాడు లాగడం వచ్చా, అది చెప్పు."

మర్నాడు ఆదివారం భోజనాల దగ్గర, అందరికీ సూప్ వడ్డించాక కూర్చుని, గ్రజీనా మామూలు గొంతుతో చెప్పింది.

"బుధవారం వెళ్తున్నాను. వేరే ఓడ. ఆరు వారాలు. లైబ్రరీ ఉద్యోగానికి సెలవు పెడతాను."

రోమన్ చెంచా కింద పెట్టాడు.

"ఆరు వారాలా? మరి వంట?" అన్నాడు రోమన్.

"పదకొండో తారీఖున నన్ను డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు?" అంది అత్తగారు.

"అమ్మా, నా ఆఫీసు చొక్కాలెవరు ఇస్త్రీ చేస్తారు?" అన్నాడు ఒలెక్.

గ్రజీనా ముగ్గురి మొహాలూ చూసింది. ఇంకో ప్రశ్న వస్తుందేమోనని కొంచెంసేపు ఆగింది. రాలేదు.

"ఓడ లిస్బన్‌కి వెళ్తోంది," అంది. "ఎవరూ అడగలేదు కదా, నేనే చెప్తున్నాను."