వంజరంగారూ, చెప్పండి

అనూరాధ పోయిన రోజు కోటబొమ్మాళిలో సంత. ఆసుపత్రి నుంచి ఆమెను తెస్తున్న వ్యాను సంత జనం మధ్య నుంచే రావలసి వచ్చింది. రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, ఎవరూ అడగకుండానే లేచి గంపలు వెనక్కి లాగి దారి ఇచ్చారు. ఒకావిడ వంకాయలు దొర్లిపోయినా వాటి వంక చూడలేదు. ముందు సీట్లో కూర్చున్న కూర్మయ్య మాస్టారికి ఆ రోజు గురించి గుర్తున్నవి చాలా తక్కువ. ఆ గంపలు జరగడం మాత్రం గుర్తుంది. వాళ్ళలో ఒక్కరి పేరైనా తెలిస్తే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

కూర్మయ్య హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాడు. భార్యకు కిడ్నీలు పాడైన సంగతి తెలిసేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది. డయాలసిస్ మీద కొంతకాలం నెట్టుకొచ్చారు. ఆమె పుట్టిన ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ జబ్బు చాలా ఇళ్ళలో ఉంది. ఉన్నట్టు ఏ ఇల్లూ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లను చేసుకోరు.

పెద్దకర్మ రోజున భోజనాలప్పుడు అనూరాధ తమ్ముడు నరసింగరావు చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాడు. చెప్పు పట్టీ నొక్కుకుపోయిన చోట పాదం మీద గాడి పడి ఉంది. భోజనాలు అయిపోయి, విస్తళ్ళు ఎత్తేసినా ఆ గాడి పూడలేదు. కూర్మయ్య అది చూశాడు.

"నరసింగం, ఓసారి రక్తం పరీక్ష చేయించుకోరాదూ" అన్నాడు మెల్లగా.

"ఏటి బావా, వల లాగినోడి కాళ్ళు వాయవేటి? రాత్రికి నొప్పి బిళ్ళ ఏసుకుంటే పొద్దుటికి దిగిపోతాది" అని నరసింగరావు చేతులు కడుక్కోవడానికి లేచిపోయాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకు రేఖ ఫోను చేసింది. రేఖది రాజాం. విజయనగరంలో ఒక వైద్య కళాశాలలో ప్రజారోగ్యం బోధిస్తుంది. డయాలసిస్ వార్డులో రోగుల వివరాలు సేకరించడానికి వచ్చినప్పుడు అనూరాధకు పరిచయమైంది. వివరాలు రాసుకోవడం అయిపోయాక కూడా రెండు మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అనూరాధ జుట్టు చిక్కు తీసి జడ వేసేది. కూర్మయ్య ఆ సంగతి మరచిపోలేదు. దానికి ధన్యవాదాలు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

"మాస్టారూ, ఊళ్ళలో ఆరోగ్యం గురించి ఆన్‌లైన్‌లో చర్చలు పెడుతున్నాను. వినేదెవరో తెలుసా? డాక్టర్లు, మా విద్యార్థులు. జబ్బు ఉన్న ఊరి నుంచి ఒక్కరూ రావడం లేదు. నా దగ్గర మాట ఉంది, మనుషులు లేరు. మీ దగ్గర మనుషులున్నారు."

ఆ మాట నిజమే. పాఠశాల పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు కూర్మయ్య చేతిలో ఉంది. అత్తవారి ఊరి పిల్లలు చదివేదీ ఆ బడిలోనే కాబట్టి ఆ ఊరి వాళ్ళంతా అందులో ఉన్నారు.

"కలిసి చేద్దాం" అన్నాడు. ఆ మాట అన్నాక చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

మొదటి చర్చ ఒక ఆదివారం మధ్యాహ్నం. పడవలు ఒడ్డుకు చేరి, చేపలు అమ్ముడుపోయి, జనం తీరికగా ఉండే వేళ చూసి పెట్టారు. కూర్మయ్య ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి మరీ పిలిచాడు. జనం బాగానే వచ్చారు. తెర మీద పేర్లు వరసగా కనబడుతుంటే అతనికి తరగతి గది గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పాఠం మొదలుపెట్టే ముందు చేసే పనే చేశాడు. హాజరు పిలిచాడు.

"అప్పలస్వామిగారూ, ఉన్నారా? మురళీమోహన్? నరసింగరావూ, ఉన్నావా?"

"ఉన్నాను బావా" అన్నాడు నరసింగరావు.

అందరి పేర్లూ చదివాడు. ఏ ఊరో కూడా చెప్పాడు. పిలిస్తే పలికారు, వచ్చారు, ఉన్నారు అన్న సంతోషంలో ఉన్నాడు. తర్వాత రేఖ మాట్లాడడం మొదలుపెట్టింది. మూత్రపిండాలు ఏం చేస్తాయి, రక్తపోటు వాటిని ఎలా దెబ్బతీస్తుంది, ఎవరెవరు పరీక్ష చేయించుకోవాలి అని చెబుతుండగానే తెర మీద పేర్లు ఒకటొకటిగా మాయమయ్యాయి. చివరికి ముగ్గురు మిగిలారు. వాళ్ళలో ఒకరు స్కూలు అటెండరు.

పేర్లు చదవడం ఎంత పని చేసిందో ఆ వారంలోనే తెలిసింది. నరసింగరావు కొడుకు గోపికి ఒక సంబంధం దాదాపు కుదిరింది. పిల్ల మేనత్త కూడా ఆ మధ్యాహ్నం ఫోనులో ఉంది. నరసింగరావు పేరు, ఊరి పేరు చెవిన పడ్డాయి. అప్ప అనూరాధ కిడ్నీ జబ్బుతో పోయిందని వాళ్ళకు ముందే తెలుసు. ఇప్పుడు తమ్ముడు కూడా కిడ్నీ మీటింగులో పలికాడంటే అర్థమేమిటి? 'తర్వాత చూద్దాం' అని కబురు వచ్చింది.

కూర్మయ్య బస్సెక్కి అత్తవారి ఊరు వెళ్ళాడు. నరసింగరావు వలల పాక దగ్గర కూర్చుని తెగిన వల కన్నులు కడుతున్నాడు. బావ వచ్చాడని లేవలేదు.

"హాజరేసుకోడానికి వచ్చినావా బావా? ఉన్నాను. రాసుకో."

"నరసింగం..."

"మా అప్ప పోనాది చాలదేటి? నా కొడుకు బతుక్కి కూడా ఆ పేరు తగిలించినావు. నీ మీటింగులకి ఓ దండం. పరీక్షా నేదు, గిరీక్షా నేదు. ఎల్లు బావా. కాఫీ తాగి ఎల్లు."

కోపంలోనూ కాఫీ మాట అన్నందుకు కూర్మయ్య కళ్ళు తడిశాయి. వలలో వేళ్ళు కదులుతుంటే, ఆ వేళ్ళ కణుపుల దగ్గరి వాపు చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళి సంబంధం పోయిందన్నది చిన్న సంగతేమీ కాదు. కానీ అతని భయం దాని గురించి కాదు. ఈ మనిషి ఇక పరీక్షకు వెళ్ళడు. అనూరాధ వెళ్ళిన దారిలోనే వెళతాడు.

అనూరాధ పిన్ని లక్ష్మణమ్మ అతన్ని తన అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. చేపల బేరంలో ఆరితేరిన మనిషి. ఆమె నోటికి కావలి కంచె లేదు.

"ఏటల్లుడూ, అంత సదువుకున్నావు. పెళ్ళికొడుకు తండ్రిని పట్టుకుని, ఊరందరి ముందూ, పేరెట్టి పిలుస్తావేటి? ఆసుపత్రికెల్లినా మేం టెక్కలి మానేసి బరంపురం ఎల్తాం, ఎవులూ సూడకుండా."

"అలవాటు అత్తా. తప్పయిపోయింది."

"తప్పయితే అయినాది. మల్లీ ఎట్టు. ఈపాలి పేర్లొద్దు."

"పేరు లేకుండా ఫోనులో మనిషిని ఎలా పిలవడం?"

లక్ష్మణమ్మ గంపలో మిగిలిన చేపల వైపు చూసి నవ్వింది. "ఇయ్యే పెట్టు. వంజరం, సందువ, నెత్తళ్ళు. నానైతే పీత. నా మొగుడు బతికున్నప్పుడు అలగే పిలిసేవోడు. పట్టుకుంటే వదల్నని."

కూర్మయ్య సాయంత్రం ఆ మాట రేఖకు చెప్పాడు. తన తప్పూ చెప్పాడు. సంబంధం ఆగిపోయిన సంగతీ చెప్పాడు.

"నేనూ అక్కడే ఉన్నాను కదా మాస్టారూ. పేర్లు చదువుతుంటే ఆపాలని నాకూ తోచలేదు. ఇద్దరం కలిసి చేసిన పని, తప్పు మీ ఒక్కరిదే ఎలా అవుతుంది?" అంది. తర్వాత, "పీత, వంజరం బాగున్నాయి. ముఖాలు కనబడనక్కరలేదు. రికార్డు చేయను. మీరు మాత్రం హాజరు పిలవకండి" అని నవ్వింది.

ఆ నవ్వు అతనికి ఎంత మేలు చేసిందో ఆమెకు తెలియదు.

పేర్లు ఎలా మార్చుకోవాలో లక్ష్మణమ్మ ముందు తను నేర్చుకుని, తర్వాత వీధి వీధికీ తిరిగి నేర్పింది. ఎవరు ఏ చేప అన్నది ఆమె అడగలేదు. అడగొద్దని కూర్మయ్య గట్టిగా చెప్పాడు.

రెండో చర్చకు తెర మీద సంత పెట్టినట్టయింది. వంజరం వచ్చింది. చందువలు రెండు వచ్చాయి. నెత్తళ్ళు, కానాగంత, పీత, టేకు చేప వచ్చాయి. ఎవరో 'ఎండు రొయ్య' అని కూడా పెట్టుకున్నారు.

"వంజరంగారూ, చెప్పండి" అంది రేఖ, ఏ మాత్రం నవ్వకుండా.

"డాక్టరమ్మా, బోరు నీల్లు తాగితే వస్తాదంటారు, నిజమేనా?"

"కారణం ఒక్కటేనని ఇంకా ఎవరూ తేల్చలేదండి. పరిశోధనలు జరుగుతున్నాయి. తెలియనిది తెలుసునని చెప్పను. కానీ ఉన్నదాన్ని ముందే పట్టుకుంటే ఎక్కువ కాలం కాపాడుకోవచ్చు. అది మాత్రం తెలుసు."

"నెత్తల్లుకి పరీక్ష బేగి సేస్తారేటి, సిన్న సేప కదా" అన్నదో ఆడగొంతు. ఫోనులన్నిట్లోనూ నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల తర్వాత ప్రశ్నలు ఆగలేదు. ఒకరు కాళ్ళ వాపు గురించి అడిగారు, ఒకరు మూత్రంలో నురగ గురించి. అందరూ అడిగింది ఎదురింటివాళ్ళ గురించో, పక్క ఊరివాళ్ళ గురించో.

అప్పుడు టేకు మాట్లాడింది.

"మా ఊర్లో ఒకాయనున్నాడు. సంద్రం నుంచొచ్చి రోజూ నొప్పి బిళ్ళ ఏసుకుంతాడు. ఎన్నో ఏళ్ళుగా. దాన్తో ఏటైనా అవుతాదేటి?"

మొదటి మాటకే ఆ గొంతు ఎవరిదో కూర్మయ్య పోల్చుకున్నాడు. పేరు నాలుక చివరికి వచ్చింది. చెయ్యి చాచి తన మైకు ఆపేసుకున్నాడు.

"అవుతుందండి" అంది రేఖ. "రోజూ వేసుకునే నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీయగలవు. ఆయన్ని ఆ మాత్రలు ఆపమనండి. క్రియాటినిన్ అని ఒక రక్త పరీక్ష ఉంది, మూత్ర పరీక్ష ఉంది. బీపీ కూడా చూపించుకోమనండి. భయపెట్టడానికి చెప్పడం లేదు."

"ఆ ఒకాయనకి పెళ్ళామున్నాదేటి?" అంది పీత. "ఉంటే దానికి సెప్పు. సెవి పట్టుకుని లాక్కెల్తాది."

"నువ్వు నోరు ముయ్యే, పీతా" అన్నది టేకు. మళ్ళీ నవ్వులు.

"మాస్టారూ, మీరేమైనా చెబుతారా?" అంది రేఖ.

అతను మైకు తెరిచాడు.

"మా ఇంట్లో ఒకావిడ ఉండేది" అన్నాడు. "అన్నం సయించడం లేదనేది. వంటింటి వేడి అనుకున్నాం. పొద్దున్నే ముఖం ఉబ్బి ఉండేది. నిద్ర చాలలేదనుకున్నాం. దురద అంటే సబ్బు మార్చాం. ఆవిడ పుట్టింటివాళ్ళకి ఈ జబ్బు ఉందని ఆవిడకి తెలుసు. పరీక్షకి వెళితే తమ్ముడింటికి చెడ్డపేరు వస్తుందని వెళ్ళలేదు. ఆ సంగతి ఆఖర్లో చెప్పింది."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఎవరో అక్కడున్న ప్రతి చేపకూ తెలుసు. ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వేసి ఆగింది.

"డాక్టరమ్మా," అన్నది టేకు, "ముందే తెలిస్తే ఆవిడ బతికేదేటి?"

"ఖచ్చితంగా చెప్పలేనండి. ఇంకొన్నేళ్ళు ఉండేదని అనుకుంటున్నాను."

టేకు చివరి దాకా ఉంది.

మర్నాడు కూర్మయ్య బడికి వెళ్ళబోతుండగా నరసింగరావు గుమ్మంలో ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"బావా, బడికి సెలవెడతావేటి?"

"పెడతాను. ఎక్కడికి?"

"అన్నీ సెప్పాలేటి నీకు. టెక్కలి. బరంపురం కాదు. ఎవులు సూసినా సూడనీ."

కూర్మయ్య చెప్పులు వేసుకున్నాడు. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నిన్నటి చర్చ గురించి ఎవరూ మాట్లాడలేదు. టేకు గొంతు తను పోల్చుకున్నట్టు కూర్మయ్య చెప్పలేదు. పోల్చుకుంటాడని తెలిసే మాట్లాడినట్టు నరసింగరావూ చెప్పలేదు. పాతపట్నం రోడ్డు దాటాక మాత్రం, "అప్ప నా గురించే ఎల్లలేదా?" అని కిటికీ వైపు తిరిగి అడిగాడు. కూర్మయ్య అతని చేతి మీద చెయ్యి వేశాడు. బస్సు దిగేదాకా ఆ చెయ్యి తీయలేదు.

పరీక్షలో నరసింగరావు కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని తేలింది. డయాలసిస్ దాకా రాలేదు. మాత్రలు ఆపి, బీపీ అదుపులో పెట్టుకుని, ఉప్పు తగ్గించి, చెప్పినప్పుడల్లా చూపించుకుంటూ ఉంటే చాలాకాలం నెట్టుకురావచ్చని డాక్టరు చెప్పాడు. నరసింగరావు ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు.

ఆసుపత్రి ముందు నిలబడే కూర్మయ్య రేఖకు ఫోను చేశాడు. ఎవరో, ఏమిటో చెప్పలేదు. "ఒకాయన పరీక్ష చేయించుకున్నాడమ్మా" అన్నాడు. అవతల ఆమె ఊపిరి వదలడం వినిపించింది.

"అలాగా" అంది. "మంచి మాట చెప్పారు మాస్టారూ."

"అమ్మా, వార్డులో మా ఇంటావిడకి జడ వేసేవారు. అప్పుడే చెప్పాల్సింది. మీ మేలు మరచిపోలేను."

"ఆవిడ జుట్టు చాలా మెత్తన" అంది ఆమె.

ఇప్పుడు నెలకోసారి చర్చ జరుగుతోంది. రేఖ ఒక డాక్టరును తెస్తుంది, లక్ష్మణమ్మ జనాన్ని తెస్తుంది, కూర్మయ్య అందరినీ చేపల పేర్లతో పిలుస్తాడు. టేకు తప్పకుండా వస్తుంది, నొప్పి బిళ్ళలు మానేసిన ఒకాయన గురించి చెబుతుంది. పరీక్షలకు వెళ్ళినవాళ్ళు ఇంకొందరున్నారని లక్ష్మణమ్మ అంటోంది. ఎవరో చెప్పదు, కూర్మయ్య అడగడు.

గోపి సంబంధం వాళ్ళ దగ్గర నుంచి కబురు రాలేదు. గోపికి ఇంకా రక్త పరీక్ష చేయించలేదు.