సత్యశ్రీ చేతివేగం

మధ్యాహ్నం రెండయింది. అచ్యుతాపురం దగ్గరి రొయ్యల కంపెనీలో మేనేజర్ ఉదయ్‌కుమార్ ఫోన్‌లో టైమరు నొక్కి సత్యశ్రీ వెనక నిలబడ్డాడు. నెల కిందటే లైన్ లీడరయిన ఆమెకు ఒళ్లు పొంగిపోయింది. గ్లౌజులు బిగించి ఐసులోని రొయ్యల మీద పడింది.

"రండర్రా, సూద్దుం ఎవుళు ముందో!" అంటూ లైను మొత్తాన్నీ కవ్వించింది. నలభై మంది ఆడవాళ్లూ నవ్వుతూ అందుకున్నారు.

మిగతా లీడర్లు చేతులు కట్టుకుని అరుస్తూ తిరుగుతారు. సత్యశ్రీ తానూ ఒక ట్రే ముందేసుకుని పాటో పరాచికమో అందుకుంటుంది. కాళ్లు పీకుతున్నా ఆమె కోసం వాళ్లు మరో ట్రే లాగుతారు. పని మీద ప్రేమ తప్పేమీ కాదు. కాకపోతే కంపెనీకి ఉత్సాహం కూడా ముడిసరుకే, అదీ ఊరికే దొరికేది.

"గంటకి ఏడు ట్రేల లెక్కన పడుతోంది, సూపరమ్మా! సోమవారం నుంచి అందరికీ ఏడే," అన్నాడు ఉదయ్‌కుమార్. "అందుకోలేనివాళ్లు రానక్కర్లేదు. నాలుగింటికి ఎండీ గారొస్తారు, ఇంకోసారి చేసి చూపించు."

సత్యశ్రీ నవ్వు ఆగిపోయింది. ఇప్పటిదాకా మనిషికి గంటకు అయిదే. పక్కనున్న నారాయణమ్మ ఐసుకు వేళ్లు ఉబ్బిపోయి, ఆ అయిదుకే ఆపసోపాలు పడుతోంది. సత్యశ్రీకి రొయ్య వలవడం నేర్పింది ఆవిడే.

"పిన్నీ, ఇలగంతారని నాకేటి తెల్సు?"

"నిన్నేటన్నానే అమ్మా? నువ్వు నవ్వితే నొప్పి మర్సిపోయి సేసీసినాం. ఇప్పుడా నవ్వే మా మెడకి సుట్టుకుంది. ఈ రోజుకూలి నాలుగొందల యాభై రాకపోతే మా ఇంటికాడ పొయ్యెలగదు."

మన వేలితో మన కన్నే పొడిపించడమంటే ఇదే. సత్యశ్రీ సిగ్గుతో కుంగిపోయింది. ఎదురు చెబితే లీడరు పనే కాదు, అసలు పనే పోవచ్చు. ఆ రెండు గంటలూ కాలు నిలవక లైను ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది.

నాలుగింటికి ఎండీ వచ్చాడు. "ఊఁ, కానీ అమ్మా!" అంటూ ఉదయ్‌కుమార్ ఫోన్ నొక్కాడు.

సత్యశ్రీ ఒక రొయ్య తీసింది. తల తుంచింది. చేతులు రుద్దుకుని, నెమ్మదిగా పొట్టు వలిచింది.

"ఏంటిది? ఇందాకటి స్పీడేదీ?"

"ఇందాక సరదాకి సేసినాను సార్. రోజల్లా సెయ్యగలిగింది ఇంతే."

"మీరైనా కానివ్వండి!" అని ఉదయ్‌కుమార్ లైను మీద అరిచాడు.

నలభై మందీ సత్యశ్రీ చేతుల వంక చూశారు. తర్వాత ఎవరి ట్రేలోంచి వాళ్లు ఒక్కో రొయ్యే తీసుకున్నారు.