కర్టెన్ల మూట బరువు

వదిన ఇసుక కుప్పలోంచి లేచి, తల మీద పడిన కర్టెన్ తీసేసి, "ఇంక ఈ జన్మలో నీ బండెక్కను" అంది. వెంటనే, "కర్టెన్ చిరగలేదు కదా?" అంది.

చిరగలేదు. మాకు దెబ్బలూ తగల్లేదు. గేటులోంచి ఒక బండివాడు వెనక్కి వెనక్కి వస్తుంటే నేను చేతి బ్రేకూ కాలి బ్రేకూ కలిపి నొక్కాను. మా మోటార్ సైకిల్ ఆగాలా వద్దా అని తీరిగ్గా ఆలోచించుకుని, ఎవరో ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుకలోకి వెళ్ళి అప్పుడు ఆగింది.

వదిన మా ఆయనకి అక్క. మేమిద్దరం కర్టెన్లు కుట్టి, ఇళ్ళకి తీసుకెళ్ళి తగిలించి వస్తాం. బండి నేను నడుపుతాను. వదిన వెనక కూర్చుని, ఒళ్ళో మూటా చేతిలో రాడ్లూ పట్టుకుంటుంది. బండి మా ఆయనది. ఆయన పోయాక అందరూ అమ్మేయమన్నారు. "మా తమ్ముడి బండి మీద పరాయివాడు తిరుగుతుంటే నేను చూడలేను. నువ్వే నేర్చుకో" అని పట్టుబట్టి నన్ను ఎక్కించింది వదినే. అలాంటి మనిషి ఇప్పుడు బస్సు ఎక్కడం మొదలుపెట్టింది.

ఆవిడ బస్సులో వచ్చేలోపు ఒక ఇంట్లో నేనొక్కదాన్నే నిలబడాల్సి వచ్చింది. "ఈ రంగు వెలిసిపోతుందా అండీ?" అని ఆ ఇల్లాలు అడిగింది. "చూద్దామండీ" అన్నాను. వదిన చెమటలు కక్కుతూ వచ్చి సర్దిచెప్పింది కాబట్టి సరిపోయింది. అదీ పెద్ద బాధ కాదు. బండి మీద వదిన నా చెవిలో ఊరి కబుర్లన్నీ పోస్తుంది. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి వియ్యపురాలు ఏమందో ఆవిడ చెబితేనే నాకు తెలిసేది. వెనక సీటు ఖాళీ అయ్యాక బండి తేలికైంది గానీ నాకు దారి పొడుగైంది.

మా అల్లుడికి మెకానిక్ షెడ్డు ఉంది. వెళ్ళి అడిగాను.

"ఇంత పాత డ్రమ్ము బ్రేకుతో ఇన్నాళ్ళు ఎలా తిరిగారత్తయ్యా!" అన్నాడు. "ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ వేద్దాం. దాన్ని పట్టుకునే ఫోర్కుల్లో స్ప్రింగులూ ఆయిలూ మారుద్దాం. కుదుపులు తగలకుండా వెనక షాకులు కూడా కొత్తవి వేద్దాం."

వదినని బతిమాలి షెడ్డుకి తీసుకొచ్చాను. "పాత షాకులు చాలలేదా, మళ్ళీ కొత్త షాకులా?" అంటూ వచ్చింది. మూట పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. "ఒక్కసారి ఎక్కి చూస్తాను. నచ్చకపోతే ఈ బండి అమ్మేయాలి, అంతే."

అమ్మేయాలి అన్నది ఎవరో కాదు, వదినే.

అల్లుడు షాకుల అడుగున ఉన్న రింగు చూపించాడు. దానికి మెట్లు మెట్లుగా గాట్లున్నాయి. కూర్చునేవాళ్ళ బరువుని బట్టి కొక్కెం స్పానర్‌తో తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. బరువు పెరిగిన కొద్దీ పై గాటుకి తిప్పాలి, లేకపోతే కుదుపు వచ్చినప్పుడు వెనక సీటు ధన్‌మని కొడుతుంది. మామూలుగా మనిషిని కూర్చోబెట్టి, సీటు ఎంత దిగిందో టేపుతో కొలుస్తాడు. అత్తవారి వైపు పెద్దావిడ దగ్గర టేపు పట్టుకోవడానికి మొహమాటపడి, నెమ్మదిగా అడిగాడు.

"పెద్దమ్మగారూ, మీరు ఎన్ని కిలోలుంటారు?"

"అరవై."

అల్లుడు నా వైపు చూశాడు. నేను బండి గొలుసు వైపు చూశాను.

"అరవయ్యేనా పెద్దమ్మగారూ?"

"ఏం బాబూ, నమ్మకం లేదా?"

అల్లుడన్నవాడు ఇంకేం మాట్లాడతాడు? రెండో గాటు దగ్గర పెట్టాడు.

వదిన మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బయల్దేరాం. బ్రేకు వేలు తగిలిస్తే చాలు, చెప్పిన మాట విన్నట్టు ఆగుతోంది. నాకు నవ్వు ఆగలేదు. అంతలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ముందు చక్రం మెత్తగా దాటింది. వెనకది ధన్‌మంది. వదిన అంతెత్తు లేచి పడింది.

"నడుం విరిగింది! అమ్మేయ్!"

షెడ్డు దాకా నడిచే వచ్చింది. మూట నేను బండి మీద తెచ్చి బల్ల మీద పడేశాను.

అల్లుడు తల పట్టుకున్నాడు. "పెద్దమ్మగారు చెప్పిన బరువుకి సరిగ్గానే పెట్టానత్తయ్యా. సరుకే నాసిరకమో, నా పనే సరిగ్గా లేదో! విప్పేస్తాను."

వదిన ముఖం చిన్నబోయింది. పాపం, అతను తననే తిట్టుకుంటుంటే ఆవిడకీ బాధగానే ఉంది. "అది కాదు బాబూ, అసలు..." అని మొదలుపెట్టి, పైట సర్దుకుంది. నిజం నాకు తెలుసు. అల్లుడి ముందు ఆ మాట నేనంటే వదిన బండే కాదు, నా గడప కూడా ఎక్కదు. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే బల్ల మీది మూట కనబడింది.

"అల్లుడుగారూ, మూట బరువు కలిపారా?"

"లేదత్తయ్యా. గుడ్డలేగా?"

"గుడ్డలంటే ఒట్టి గుడ్డలా? లైనింగు, మడతలు, ఇత్తడి రింగులు... కదా వదినా?"

వదిన నన్ను ఒక్క క్షణం చూసింది. వెంటనే అందుకుంది. "అదేగా నేనూ అనుకుంటున్నాను! ఆ రింగులే చచ్చే బరువు."

"ఎంత ఉంటుంది పెద్దమ్మగారూ?"

"ఒక పాతిక కిలోలు ఉండదూ?"

"మూటేనా?"

"మూటే."

ఆ మూటని ఇందాక నేను ఒంటి చేత్తో బల్ల మీదికి విసరడం అల్లుడు చూశాడు. పెదాలు బిగబట్టి, గబగబా బండి కిందికి తల దూర్చాడు. చాలాసేపు బయటికి రాలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"తప్పు నాదే పెద్దమ్మగారూ, ముందే అడగాల్సింది" అన్నాడు లోపలి నుంచే. స్పానర్ కిర్రుకిర్రుమంటూ చివరి గాటు దాకా వెళ్ళింది.

వదిన ఎక్కి కూర్చుంది. అల్లుడు మూటని రెండు చేతులా ఎత్తి, "అబ్బా!" అని మూలిగి, ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"జాగ్రత్త బాబూ, నడుం పట్టేస్తుంది" అంది వదిన.

ఈసారి స్పీడ్ బ్రేకర్ ఎప్పుడు దాటామో తెలియలేదు. వీధి మలుపు తిరగ్గానే ఆ ఇసుక కుప్ప కనబడింది.

"ఆపు!" అని అరిచింది వదిన.

నొక్కాను. కుప్పకి జానెడు దూరంలో బండి బుద్ధిగా నిలబడింది. వదిన తల పక్కకి వంచి ఇసుకని చూసింది.

"ఇవాళ రాములే, పో" అంది దానితో.

మళ్ళీ కదిలాం. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగింది.

"మూట అంత బరువుండదే."

"తెలుసు వదినా."

"అల్లుడికి తెలియలేదు కదా?"

"ఆయనకేం తెలుస్తుంది, పాపం."

"అయితే సరే. కొంచెం జోరుగా పోనీ" అని, ఇసుకలో పడిన రోజున ఏ వియ్యపురాలి కబురు సగంలో ఆగిపోయిందో, సరిగ్గా అక్కడి నుంచి అందుకుంది.