నూడుల్స్ తింటె గోరు ఎట్ల ఊడ్తది?

తన పేరు టీవీలో పడబోతోందన్న సంగతిని సుభాషిణి మడికొండ కాలనీలో ముగ్గురికే చెప్పింది. ఆ ముగ్గురిలో ఒకరు కింద పోర్షన్ ఖతీజాబీ కావడం వల్ల మిగతా నలభై ఇళ్లకు విడిగా చెప్పే శ్రమ తప్పింది.

పని చిన్నదే. అమెరికా నడిమధ్యన మిడ్‌వెస్ట్‌లో పారే ఒక నది, దాని ఒడ్డున జనం బతుకు. దాని మీద తీసిన ఇంగ్లీషు సినిమాకు తెలుగు మాటలు రాయాలి. పిల్లల ఛానెల్‌లో వేస్తారట. చివర్లో ‘తెలుగు మాటలు: సుభాషిణి’ అని పడుతుందట. డిగ్రీ పట్టా తర్వాత ఆమె పేరు అచ్చులో కనిపించింది గ్యాస్ పుస్తకం మీదే, అదీ ‘సుభాషిని’ అని.

వీడియో ఇంకా రాలేదంటూ హైదరాబాద్ ఆఫీసు నుంచి లావణ్య అనే అమ్మాయి స్క్రిప్టు మాత్రం పంపింది. చాలావరకు హాయిగానే సాగింది. మంచు కరిగితే నది పొంగుతుంది, ఊరివాళ్లు కట్ట మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. ఒకప్పుడు నదిలో దొరికే చిప్పలతో చొక్కా గుండీలు చేసేవారు. జూన్‌లో ఒడ్డు చెట్ల నుంచి దూది రేగి వీధులు తెల్లబడతాయి. వరంగల్ మనిషికి దూది గురించి ఒకరు చెప్పాలా? ‘బూరుగు కాయలు పగిలినట్టు’ అని రాసిపారేసింది.

అప్పుడు తగిలింది ‘నూడ్లింగ్’. జూన్ వస్తే ఊరంతా నూడ్లింగ్‌కు పోతుందట. అందులో రూత్ నానమ్మ జిల్లాకే మొనగత్తెనట. ఒక గోరు పోగొట్టుకుంది గానీ ఒక్క చేపనూ పోనివ్వలేదట.

సుభాషిణి రెండు నిమిషాలు ఆలోచించింది. నూడుల్స్‌కు అంతకంటే ఎక్కువ పట్టదని ఆమె నమ్మకం. ‘జూన్ వస్తే ఊరంతా చేపల నూడుల్స్ విందు. రూత్ నానమ్మ చెయ్యి పడితే ఆ రుచే వేరు. ఉల్లిగడ్డ తరుగుతూ గోరు కోసుకుంది గానీ ఒక్క చేప ముక్కనూ మాడనివ్వలేదు’ అని రాసి శనివారం సాయంత్రం పంపేసింది. ఉల్లిగడ్డ ఆమె సొంతం. అనువాదమన్నాక ఆ మాత్రం పోపు ఉండాలి.

ఆదివారం పొద్దున వీడియో వచ్చింది. రూత్ నానమ్మ మట్టి నీళ్లలో ఛాతీ లోతున నిలబడి, ఒడ్డు కింది బొరియలో భుజం దాకా చెయ్యి దూర్చి, మీసాల చేపనొకదాన్ని బయటికి గుంజుతోంది. గాలం లేదు, వల లేదు. నూడుల్స్ అసలే లేవు.

“సుభా, మీ నానమ్మ పొయ్యి యాడ పెట్టింది? నీళ్లల్లనా?” అన్నాడు భర్త హరికృష్ణ. డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం ఆయనది. వారానికి ఒక్క సెలవు. దాన్ని భార్య వెనక నిలబడి సద్వినియోగం చేసుకుంటున్నాడు.

సుభాషిణి లావణ్యకు ఫోన్ చేసింది.

“మేడం, నూడుల్స్ పార్ట్ సూపర్! అది చదివి రాత్రి అందరం నూడుల్సే ఆర్డర్ పెట్టుకున్నం.”

“అది తప్పమ్మా. మార్చాలె.”

“అయ్యో, మా సార్ ఓకే చేసిండు మేడం. పదకొండుకు రికార్డింగ్. మార్చాలంటే ఆలోపు చిన్న మాట ఒకటి చెప్పండి. వీడియోల ఆమె ‘నూడ్లింగ్’ అనేంతల అయిపోవాలె. లేకుంటే నూడుల్సే ఉంటది.”

అప్పటికి పది దాటింది. నలభై ఇళ్ల ముందు నూడుల్స్‌తో పాటు తన పేరూ ఉడుకుతున్నట్టు అనిపించింది సుభాషిణికి. ‘బొరియలలో చేతులు పెట్టి చేపలు పట్టే వేడుక’ అని రాసింది. అది చెప్పేలోపు చేప నది దాటి పోతుంది. ‘హస్త మత్స్య గ్రహణం’ అని రాసి చూసుకుంది.

“గ్రహణం పట్టిందా? అయితే వంట బంద్ చెయ్యి” అన్నాడు హరికృష్ణ.

కింద మోపెడ్ హారన్ మోగింది. చేపల యాకయ్య. ఆకేరు వాగు ఒడ్డున పుట్టినవాడు, అరవై దాటినవాడు. సుభాషిణి గిన్నెకు బదులు ఫోన్ పట్టుకుని మెట్లు దిగింది.

“మామా, జర గిది చూడు. దీన్నేమంటరు?”

యాకయ్య చేతులు తుడుచుకుని, ఫోన్‌ను మూరెడు దూరంలో పట్టుకున్నాడు. “గీ అవ్వ ఏ ఊరామె?”

“అమెరికా.”

“అయితేంది, చెయ్యి మా అమ్మ పెట్టినట్టే పెడ్తాంది. అగో, రెండో బొరియకు కాలు అడ్డం పెట్టలే! ఇటు చెయ్యి పెడితె అటు నుంచి జారదా?”

“మామా, గట్ల పట్టి గోరు పోయిందట ఆమెకు, నేనేమో నూడుల్స్ తింటరని రాసిన. దాని పేరేంది?”

“పేరేందమ్మా, తడుముడు! ఎండకాలం నీళ్లు గుంజినయంటే ఊరంత తడుముడుకు పోతుంటిమి. మా అమ్మకు సుత గట్లనే గోరు ఊడింది.”

తడుముడు! సుభాషిణి అక్కడికక్కడే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“డిక్షనరీల లేదు మేడం” అంది లావణ్య. “సార్‌కు నూడుల్సే నచ్చింది. తప్పని ఎట్ల చెప్పాలె?”

యాకయ్య ఫోన్ అందుకున్నాడు. “బిడ్డా, నేను చేపల యాకయ్యను. నూడుల్స్ తింటె గోరు ఎట్ల ఊడ్తది?”

అవతల ఎవరో పగలబడి నవ్వారు. సారే అయ్యుండాలి.

“మారుస్తున్నం మేడం” అంది లావణ్య.

మూడు వారాల తర్వాత ఆదివారం, ఖతీజాబీ ఇంట్లో పెద్ద టీవీ ముందు కాలనీ సగం కూర్చుంది. యాకయ్య మోపెడ్ గేటు బయట నిలిపి వచ్చాడు. ‘జూన్ వస్తే ఊరంతా తడుముడుకు పోతుంది’ అని టీవీలోంచి గొంతు వినిపించగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

ఆ తర్వాత సినిమా ఎవరికీ ఎక్కలేదు. రెండో బొరియ సంగతి యాకయ్య లేచి నిలబడి, ఖతీజాబీ సోఫా కింద చెయ్యి పెట్టి మరీ చూపిస్తున్నాడు.

“హాయ్ అల్లా, అండ్ల చేపలు లెవ్వు యాకన్నా, నా చెప్పులున్నయ్!” అంటోంది ఖతీజాబీ.

అందరూ అటు తిరిగి నవ్వుతున్న ఆ రెండు సెకన్లలోనే ‘తెలుగు మాటలు: సుభాషిణి’ అని పడింది, పోయింది. చూసింది సుభాషిణి ఒక్కతే. ణి సరిగ్గానే పడింది.

“ఇంకెప్పుడు పడతది నీ పేరు?” అనడిగాడు హరికృష్ణ, ఇటు తిరిగి.

“పడ్డది” అంది సుభాషిణి. “తడుముకో.”