బామ్మర్ది చరణం

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్లు. పొయ్యి దగ్గర ఈదమ్మవ్వ. గడప పక్కన గోడకు ఆనుకుని ఆమె కొడుకు బయన్న. మంచం మీద పట్నం నుంచి వచ్చిన శ్రవణ్ కుమార్, అతని ఒళ్లో పాటలు పట్టే నల్ల డబ్బా. అతని పక్కన టోపీ పెట్టుకున్న ఇంకొకాయన. ఆయన పేరు ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు. వాళ్లిద్దరినీ నల్లమల అంచున ఉన్న ఆ చెంచుపెంటకు, అంటే చెంచుల గూడేనికి, తీసుకొచ్చిన గోపి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. అతను బయన్నకు బామ్మర్ది. మూలన జొన్నల బస్తా వెనక బయన్న బిడ్డ సౌందర్య ఉంది. హాస్టల్‌లో చదువుతూ వేసవి సెలవులకు ఇంటికి వచ్చింది. కొత్తవాళ్లను చూస్తే నాలుక అంగిటికి అతుక్కుపోయే పిల్ల.

ఉండాల్సిన మనిషి ఒకామె లేదు. సౌందర్య తల్లి, గోపికి అక్క. కిందటి వానాకాలం జ్వరంతో ఉన్న ఆమెను దవాఖానకు మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. దారి బాగుంటే బతికేది. దారి వేయమని పెంట ఎన్నిసార్లు అడిగినా, అడవిలో దారి వేయకూడదన్నారు ఫారెస్టువాళ్లు.

"మీ పాటల్ని కాపాడాలని వచ్చామమ్మా" అన్నాడు శ్రవణ్ కుమార్. "లేకపోతే మీతోపాటే పోతాయి."

"మేం యాడికి పోతున్నం నాయనా?" అంది అవ్వ.

గోపి నవ్వాడు. బయన్న నవ్వలేదు.

వాళ్లు అడిగింది తేనెపాట. చెంచు మనిషి కొండచరియ మీది నుంచి తాడు పట్టుకుని తేనెపట్టు దగ్గరికి దిగుతాడు. పైన తాడు పట్టేవాడు బామ్మర్ది. అన్నదమ్ముల చేతికి ఆ తాడు ఇవ్వరు. బామ్మర్ది మాత్రం వదలడు, వదిలితే ముండమోసేది తన అక్కే. తాడు మీద మనిషి ఉన్నంతసేపూ పైన పాట సాగుతుంది. పాట వినపడుతుంటే పైన చెయ్యి ఉన్నట్టు. ఆగితే లేనట్టు. అందుకే ఒకసారి ఎత్తుకుంటే, ఇంట్లో పాడినా సరే, నడుమ ఆపరు.

అవ్వ ఎత్తుకుంది.

"గద్దబండ దాటినోడా, పాలచెలమ తాగినోడా,
జాజిలొద్ది దిగినోడా, ఎలుగుగుండు ఎక్కినోడా..."

అందులో తేనె ఉన్న ప్రతి బండ పేరూ, ఎండాకాలంలో కూడా ఎండని ప్రతి నీటిచోటూ నడిచే వరుసలో వస్తాయి. ఒక్కొక్క పేరు వచ్చినప్పుడల్లా టోపీ ఆయన గోపి వైపు వంగి "అదెటు?" అని గొణగడం సౌందర్య చూసింది. గోపి చెయ్యి చాపి చూపించాడు. ఆయన సెల్‌ఫోన్‌లో ఏదో నొక్కాడు. మళ్లీ పేరు. మళ్లీ చెయ్యి. మళ్లీ నొక్కుడు.

పాట కావాల్సినవాడికి దిక్కు ఎందుకు?

ఆమె బస్తా వెనక నుంచి జరిగి అవ్వ మోచెయ్యి గిల్లింది. అవ్వ కళ్లతోనే కసిరింది. పాట నడుమ ఉంది. ఆపకూడదు.

చివరి చరణం బామ్మర్దిది. ఇంకెవరూ పాడకూడదు. గోపి తల వంచుకుని మొదలుపెట్టాడు.

"బావా, ఓ బావా, తాడు నా నడుముకుంది..."

అక్కడే తడబడ్డాడు. అక్క పోయినప్పటి నుంచి ఆ చరణం అతనికి సాఫీగా రావడంలేదు. ఎలాగో ముగించాడు.

"ఈ ముక్క తీసేద్దాం" అన్నాడు టోపీ ఆయన. ఆ ఇంట్లో ఆయన గట్టిగా మాట్లాడిన మాట అదొక్కటే.

*

కొన్నాళ్లకు బయన్న, గోపి తేనెకు బయలుదేరారు. తునికిపండ్ల కోసం సౌందర్య వెంట వెళ్లింది. గద్దబండ నెత్తిన గోపి తాడును నడుముకు కట్టుకున్నాడు. బయన్న దిగడానికి ఒంగి ఆగిపోయాడు. బండ మీద ఎర్రరంగుతో గుండ్రటి గుర్తు, లోపల అంకెలు.

అక్కడి నుంచి పాలచెలమకు పోయారు. నీళ్ల నడుమ ఇనుప మేకు, దానికి ఎర్రగుడ్డ. జాజిలొద్ది రాతి మీద రంగు. ఎలుగుగుండు మీద రంగు. తిరిగివస్తూ కొత్త ఊట దగ్గర నీళ్లు తాగారు. అది కిందటేడు వానలకు పుట్టిన ఊట, అవ్వ పాటలో ఇంకా చేరలేదు. దాని చుట్టూ ఎంత వెతికినా రంగుచుక్క కనిపించలేదు.

"నాయినా" అంది సౌందర్య, తనకే వినపడనంత మెల్లగా. "పాటల ఉన్నయాటికే పూసిండ్రు."

బయన్న బామ్మర్ది వైపు చూశాడు.

"నాకు తెల్వదు బావా. పాటలు దాస్తమన్నరు. యాడుందంటే చూపెట్టిన. నిజం, నాకు తెల్వదు."

బయన్న దగ్గరికి వచ్చి గోపి నడుము చుట్టూ ఉన్న తాడు ముడి తనే విప్పాడు. చుట్టచుట్టి తన భుజానికి వేసుకున్నాడు.

"ఈ యేడు తేనె తియ్యను" అన్నాడు.

*

భూమి తీసుకోవాలంటే ముందు దాని పేరు తెలియాలి. పేర్లు పాటలో ఉన్నాయి. అందుకే ఆ పట్నంవాళ్లను పంపిన గనుల కంపెనీ తుపాకీతో రాలేదు, పాటలు పట్టే డబ్బాతో వచ్చింది. ఈ సంగతి పెంటకు అర్థమయ్యేసరికి, కొండల్లో లోతుగా బోర్లు దింపి రాయి తవ్వి చూస్తారనే కబురు కింది ఊళ్లకు కూడా పాకింది.

రేషన్ డిపో ముందు పెంటంతా చేరింది.

"దారి చూపినోడే దొంగ! వాన్ని నిలదీయుండ్రి!"

"అక్క సచ్చినంక బామ్మర్దేంది? తాడు ఎవని కోసం పడ్తడు?"

"ఎంత ఇచ్చిన్రు గోపిగా? మోటర్‌సైకిల్ కొంటవా, కారు కొంటవా?"

గోపి సౌందర్య వైపు చూశాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు చూశాడు. ఆ రోజు అతను చెయ్యి చాపడం ఆమె కళ్లారా చూసింది. తెలిసి చాపాడో తెలియక చాపాడో ఆమెకెలా తెలుస్తుంది? తల దించుకుంది. గోపి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కాసేపటికే అతన్ని కంపెనీ జీపులో చూశామని మేకలు కాసేవాళ్లు చెప్పారు.

"తప్పు వానిదే కాదు" అంది అవ్వ. "పాడింది నేను. ఇంటికొచ్చినోనికి లేదనొద్దని పాడిన."

అప్పుడే కింది ఊరి శాంతమ్మ కొందరు రైతులను, కూలీలను వెంటేసుకుని వచ్చింది. తెలకపల్లి అంగడిలో కూరగాయలు అమ్మే మనిషి. ఆమె గొంతు అంగడి ఈ కొస నుంచి ఆ కొసకు వినపడుతుంది.

"పొద్దుగాల్నే మిషన్ బండి వస్తుందంట. పోలీసులు గుడ వస్తరంట. మా చెరువుకు నీళ్లు మీ గుట్టలకెల్లే వస్తయి. గుట్టకు బొక్కపెడితే మా నోట్ల మన్నే."

"యాదికొచ్చినమా ఇప్పుడు?" అన్నాడు బయన్న. "మీ కంచెల కాడికొస్తే తేనెదొంగలని తరిమిండ్రు గదా!"

"తరిమినం. తిట్టినం. తప్పే" అంది శాంతమ్మ. "ఆ మాట పట్టుకొని ఈడ కూసుందమా, పోయి బండికి అడ్డం కూసుందమా? నువ్వే చెప్పు తమ్మీ."

ఎవరో నవ్వారు. బయన్న మూతి కూడా కొంచెం వంకరపోయింది. కానీ ఊరివాళ్లను పెంటవాళ్లు, పెంటవాళ్లను ఊరివాళ్లు ఓరగా చూసుకుంటూనే ఉన్నారు. నమ్మకం అంత సులువుగా పుట్టదు. తెల్లారే పని ఉంది కాబట్టి లేచారు, అంతే.

*

అడవి చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. ముందు ఆడవాళ్లు, వెనక మగవాళ్లు. ఊరివాళ్లు ఒక పక్క, పెంటవాళ్లు ఒక పక్క, నడుమ మనిషి పట్టేంత ఖాళీ. మిషన్ బండి వచ్చి ఆగింది. దాని వెనక పోలీసు వ్యాను. ముందున్న జీపులోంచి శ్రవణ్ కుమార్ దిగాడు, తర్వాత గోపి దిగాడు. పెంటవాళ్లలో ఒకామె ఉమ్మేసింది.

"మేం మీ సంస్కృతికి వ్యతిరేకం కాదు" అన్నాడు శ్రవణ్ కుమార్ మైకులో. "చూడండి, మీ పాటతోనే పని మొదలుపెడుతున్నాం."

జీపు నెత్తిన ఉన్న స్పీకరులోంచి ఈదమ్మవ్వ గొంతు వచ్చింది. గద్దబండ, పాలచెలమ, జాజిలొద్ది, ఎలుగుగుండు. తన గొంతు తన మీదికే రావడం అవ్వ నోరు తెరుచుకుని విన్నది. పాట బామ్మర్ది చరణం దాకా వచ్చి పుటుక్కున ఆగింది. మళ్లీ గద్దబండ దగ్గర మొదలైంది.

అవ్వ లేచి నిలబడింది.

"కోసిండ్రు!" అని అరిచింది. "మనిషిని కింద యాలాడగట్టి, తాడు కోసి, మల్ల మొదలువెట్టిండ్రు!"

ఆ మాటకు పెంట అంతా లేచింది. ఊరివాళ్లకు అర్థం కాలేదు. బయన్న శాంతమ్మ చెవిలో గబగబా చెప్పాడు. శాంతమ్మ మొహం మారిపోయింది. వెనక్కి తిరిగి తన అంగడి గొంతుతో తనవాళ్లకు అరిచి చెప్పింది. నడుమ ఉన్న ఖాళీ ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

స్పీకరు మోతను మించి అవ్వ పాట ఎత్తుకుంది. ఇది కోయని పాట.

"తీసుకపోండ్రి" అన్నాడు ఎస్సై.

అవ్వను రెక్కలు పట్టి వ్యానులోకి ఎత్తారు. పాట బయన్న అందుకున్నాడు. అతన్ని ఈడ్చారు. శాంతమ్మ అందుకుంది, ఆమెకు పాటలోని మాటలు రావు, బండల పేర్లకు బదులు తమ చెరువు పేరు, మెట్ట చెలకల పేర్లు పెట్టి పాడింది. పెంట ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. ఆమెనూ ఎత్తుకుపోయారు. లాఠీలు లేచాయి. కేకల్లో, దుమ్ములో, పాట ఒక్క క్షణం ఎవరి నోట్లోనూ లేదు.

సౌందర్య చుట్టూ చూసింది. తాడు మీద మనిషి ఉన్నాడు. పైన చప్పుడు లేదు.

"జాజిలొద్ది దిగినోడా..."

ఆ గొంతు తనదేనని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. సన్నగా, వణుకుతూ వచ్చింది. తర్వాత వణుకు పోయింది. పక్కనున్నవాళ్లు కలిశారు. ఆడ కానిస్టేబుల్ వచ్చి జబ్బ పట్టి లాగింది. "సదువుకునే పిల్లవు, నీకెందుకే గిదంతా?" అంది. సౌందర్య పాడుతూనే నడిచింది. ఎలుగుగుండు దాటింది. వ్యాను మెట్టు ఎక్కింది. ఇక మిగిలింది బామ్మర్ది చరణం.

అది ఆమె పాడకూడదు. ఎవరూ పాడకూడదు, ఒక్కడు తప్ప.

ఆపేసింది. వెనక్కి తిరిగి జీపు వైపు చూసింది. లోపలి నుంచి బయన్న కూడా చూశాడు. గోపి ఎస్సై పక్కన నిలబడి ఉన్నాడు. ఎస్సై అతని భుజం మీద చెయ్యి వేసి "వీళ్లకు పెద్ద ఎవడు? చూపెట్టు" అంటున్నాడు. గోపి చెయ్యి లేచింది. అప్పుడు ఇంట్లో లేచినట్టే లేచింది.

"మామా!" అంది సౌందర్య. ఇంకేం అనాలో తెలియలేదు.

గోపి చెయ్యి గాలిలో ఆగింది. మెల్లగా దిగి, తన నడుము మీదికి, తాడు కట్టుకునే చోటికి వచ్చింది.

"బావా, ఓ బావా, తాడు నా నడుముకుంది,
నువ్వు జారితే నేను జారుత..."

ఈసారి తడబడలేదు. అతని వీపు మీద లాఠీ పడ్డ చప్పుడు వినపడింది. చరణం ఆగలేదు. రోడ్డు మీద మిగిలినవాళ్లంతా, పెంటా ఊరూ కలిసి, మళ్లీ గద్దబండ నుంచి ఎత్తుకున్నారు.

ఆడ కానిస్టేబుల్ సౌందర్యను లోపలికి నెట్టి, ఆమె మొహం మీదే తలుపు మూసేసింది.