ఏసుమణి పెదాలు

పొద్దున్నే వాకిలి చిమ్మి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఏసుమణి గడప దగ్గర కూర్చుని చేపలు తోముకునేది. చేతులు చేపల మీద ఉండేవి, నోరు మాత్రం దాని దారిన అది. పెదాలు ముడుచుకునేవి, విచ్చుకునేవి. నాలుక బుగ్గలో తిరిగేది. దవడ ఏదో నములుతున్నట్టు ఆడేది. నిద్రలో తప్ప ఆగేది కాదు. మైపాడు దారిలో ఉన్న ఆ పేటలో నలభై ఇళ్ళ వాళ్ళూ దాన్ని ప్రార్థన అన్నారు.

అనడానికి కారణం లేకపోలేదు. మనవి రాసిన కాగితం ఆమె ఒడిలో పెడితే ఆ పని జరిగిపోయేది. హెబ్రోను వాళ్ళ గేదె తప్పిపోయి, మూడో రోజు తనంతట తానే నడిచొచ్చి కొట్టంలో నిలబడింది. కరెంటు పోయి రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు ఒక పగలంతా ఆగిపోతే ఒక్క రొయ్య కూడా చచ్చి తేలలేదు. సంగం ఊరి నుంచి ఆదిశేషమ్మ అనే రైతమ్మ, నుదుట కాసంత బొట్టు పెట్టుకున్న మనిషి, బస్సు దిగి వచ్చి కాగితం పెట్టిపోయింది. ఆమె ఇల్లు చేరేసరికి చివరి మడికి కాలవ నీళ్ళు అందాయి. ఎవరూ ఆశ్చర్యపోలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కాగితమూ పెన్నూ తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నారు, అంతే.

ఏసుమణి ప్రార్థన చెయ్యడం లేదు. పెదాలు కదులుతున్నంతసేపూ పులుసులో చింతపండు ఎక్కువైందేమోనన్న ఆలోచనే ఆమెకు. ఒకసారి పాస్టరు కృపాదానం గారితో చెప్పేసింది కూడా.

"నేను చెయ్యడం లేదు అయ్యగారూ. అదే కదలతా ఉండాది."

ఆయన సంఘం వైపు తిరిగారు. "విన్నారా? నేను కాదంటా ఉంది. ఇంత తగ్గింపు, ఇంత వినయం మనలో ఎంతమందికి ఉంది?" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తితే తన తగ్గింపు ఇంకా పెరిగిపోతుందని ఏసుమణి నోరు మూసుకుంది. మూసుకుందనడం మాట వరసకే.

తొమ్మిదేళ్ళ కిందట ఆమెకు జబ్బు చేసింది. గోడలోంచి ఎవరో తిడుతున్నారంటూ చెవులు మూసుకుని సముద్రంలోకి నడిచింది. మొగుడు జీవానందం నడుము లోతు నీళ్ళలోంచి లాక్కొచ్చి నెల్లూరులో డాక్టరుకు చూపించాడు. మాత్రలు మొదలుపెట్టాక గోడలు ఊరుకున్నాయి. ఆ మాత్రే ఆమెను బతికించింది, అందులో అబద్ధం లేదు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమని డాక్టరు చెప్పాడు. తగ్గిపోయింది కదా, ఇంకెందుకని జీవానందం పాత చీటీతోనే మందుల షాపులో అవే మాత్రలు తెచ్చి, తొమ్మిదేళ్ళూ తన చేత్తో వేశాడు. ఒక్క పూట మరిచిపోలేదు. అంత మంచి మొగుడు.

ముందు ఒళ్ళు బరువెక్కింది. తర్వాత చేతులు వణికాయి. కిందటేడు నోరు మొదలైంది.

నెల్లూరులో నర్సింగు చదివే కూతురు షారను, ఆ నెల మానసిక రోగుల వార్డులో డ్యూటీ చేసి శనివారం ఇంటికొచ్చింది. అన్నం తింటున్న తల్లిని చూస్తూ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"అమ్మా, ఇది ప్రార్థన కాదు. మాత్ర వల్ల వచ్చింది. వార్డులో ముగ్గురికి చూసినాను."

"నాకు తెలవదా బిడ్డా," అంది ఏసుమణి.

"సోమవారం డాక్టరు దగ్గరికి పోదాం. మాత్ర మారుస్తారు. మనంతట మనం ఆపేస్తే పాత జబ్బు తిరగబెడతాది, ఆ పని చెయ్యబాక. కానీ లేటు చేస్తే నోరు ఇట్టనే ఉండిపోవచ్చు."

"ఇప్పుడు పోతే ఆగిపోతాదా?" అన్నాడు జీవానందం.

"ఆగొచ్చు నాయనా."

ఆయన సగం అన్నం వదిలేసి కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

ఏసుమణికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. సంవత్సరంగా బుగ్గ లోపలి పుండు మానలేదు. కాఫీ తాగితే సగం జాకెట్టు మీదే. నాలుక కొరుక్కోకుండా ఒక్క పూట చేపల పులుసు తింటే చాలనుకుంది.

ఆదివారం మందిరంలో ఒడి నిండా కాగితాలు పడ్డాయి. ఇంటికొచ్చి వాటిని పొయ్యిలో వెయ్యబోతూ, ఎప్పుడూ లేనిది, ఒకదాన్ని విప్పింది. రొయ్యల మేత సంచి అంచు చింపిన ముక్క. జీవానందం రాత. ఒకే ఒక్క వాక్యం.

ఏసుమణి నోరు ఆగకూడదు.

అంతకు ముందు తెల్లమచ్చ రోగమొచ్చి ఆయన రొయ్యల గుంటలో రెండు పంటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ నోరు మొదలయ్యాక రెండు పంటలు నిలబడ్డాయి. ఆయన భయం ఆమెకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండిపోయింది. నీళ్ళలోంచి లాగిన చెయ్యే ఇది రాసిందా అని ఏడుపొచ్చింది. రెండు చేతులతో నోరు అదిమి పట్టుకుంది. అరచేతుల కింద పెదాలు ఆడుతూనే ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళ కాగితాలకు ఎలా ఆడాయో దానికీ అలాగే ఆడాయి.

సోమవారం బస్సు రాలేదు. పై వారం పెన్న పొంగి దారి మునిగింది. ఆ తర్వాత డాక్టరు సెలవు పెట్టాడు, షారనుకు జ్వరమొచ్చింది, ఎక్కిన ఆటో ఇందుకూరుపేట దాటకుండానే ఆగిపోయింది. ఏడాదిన్నరలో ఏడుసార్లు బయల్దేరి ఏడుసార్లూ తిరిగొచ్చారు. నోరు ఆగాలని ఏసుమణి తనూ ఒక కాగితం రాసి తన ఒడిలోనే పెట్టుకుంది. అది జరగలేదు. ముందు పడినదానిదే పైచెయ్యి అయింది. మొగుడి రాత సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా.

ఎనిమిదోసారి బస్సు టైముకు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. దారి ఖాళీగా ఉంది, ఆసుపత్రిలో వరసే లేదు, డాక్టరు కుర్చీలోనే ఉన్నాడు. ఒక్క అడ్డమూ లేకపోవడం చూసి ఏసుమణికి లోపలికి వెళ్ళకముందే అర్థమైపోయింది, వేళ మించిపోయిందని.

"మాత్ర మారుస్తానమ్మా. దీనికి ఇంకో మందు కూడా ఇస్తా. కొంచెం తగ్గొచ్చు," అన్నాడు డాక్టరు, ఆమె నాలుక చూసి. "పూర్తిగా ఆగుతుందని మాత్రం చెప్పలేను. మొదట్లోనే వచ్చుండాల్సింది."

బయట బల్ల మీద కూర్చున్న జీవానందం లేచి ఎదురొచ్చాడు. "ఏమన్నాడు మే?"

"నోరు ఆగదన్నాడు," అంది ఏసుమణి. "నువ్వు రాసింది జరిగింది. పోదాం పద."

జీవానందం గుమ్మం దగ్గర చెప్పుల కోసం వంగి, చాలాసేపు లేవలేదు.