బరువు బోల్టు చుట్టూ కాగితం

రెండు చీరలు, మందుల డబ్బా, కళ్ళజోడు తుడిచే గుడ్డ, భూతద్దం, ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్. సంచి సర్దడం అయిపోయింది. అయినా పెద్దావిడ అన్నీ మళ్ళీ బయటికి తీసి మంచం మీద పరిచింది. ఒక్కొక్కటే లెక్కబెట్టుకుంటూ మళ్ళీ లోపల పెట్టింది. పొద్దుటినుంచి ఇది నాలుగోసారి.

"అమ్మా, వెళ్ళేది ఒక్క రోజుకి. స్క్రూడ్రైవర్ ఎందుకు? దారిలో బస్సు విప్పేస్తావా?" అంది కూతురు గుమ్మంలో నిలబడి.

"బస్సుని కాదు. మీ బాబాయిని."

కూతురు నవ్వబోయి తల్లి మొహం చూసి ఊరుకుంది. వారం కిందటి పేపరు ముక్క సంచి జేబులో మడిచి ఉంది. పక్క ఊరి క్లబ్బులో, బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడే పాత కర్రల ప్రదర్శన. వాటి వయసు తేల్చడానికి నిపుణుడు వస్తున్నాడు. అందరూ ఉస్తాదు అని పిలిచే మరిదికి సన్మానం. ఫోటోలో అతను పట్టుకున్న కర్ర కింద 'ఉస్తాదు స్వహస్తాలతో చేసిన మొట్టమొదటి కర్ర' అని రాశారు. పెద్దావిడ భూతద్దం పెట్టి చూసింది. పిడి దగ్గర నల్లచెక్కతో అతికిన నాలుగు మొనల్లో మూడోది బియ్యపుగింజంత కిందికి దిగి ఉంది. ఆ మొన కోస్తుండగా ఉయ్యాల్లో పాప కెవ్వుమంది, మామగారి చెయ్యి జారింది. ఆ పాపే ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది.

మామగారు చేసిన చివరి కర్ర అది. ముప్పయ్యెనిమిదేళ్ళ కిందట ఆయన పోయిన వారానికే మాయమైంది. "అన్నే అమ్మేసుకున్నాడు" అని మరిది కర్రలు చేసే కార్ఖానాలో పదిమంది ముందూ అరిచాడు. ఆమె భర్త నోరున్న మనిషి కాదు. ఆ మర్నాడే గుడ్డసంచీ భుజాన వేసుకుని, "అది దొరికితేనే ఈ ఊళ్ళో తలెత్తుకుంటాను" అని వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ కూతురు వీధి చివరి కొట్టుకు వెళ్ళినా, మలుపు తిరిగి మళ్ళీ కనిపించేదాకా పెద్దావిడ గుమ్మం వదలదు.

ఆమెకు కావలసింది ఒక్కటే. పదిమంది ముందు దొంగ అన్న నోటితోనే పదిమంది ముందు కాదని అనిపించాలి. అది పేపర్లో పడాలి. ఆయన ఎక్కడున్నా చదవాలి.

క్లబ్బు హాల్లో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లల మీద కర్రలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నిపుణుడు సన్నగా, తెల్ల చేతితొడుగులతో, డాక్టరులా ఉన్నాడు. మరిది తెచ్చిన కర్రను రెండు ముక్కలుగా విప్పి, మరలను వేలితో తడిమాడు.

"అతుకు మర స్టీలుది. పిడికి చుట్టిన దారం కొత్తరకం. ఉంగరం ప్లాస్టిక్. పాతికేళ్ళకు మించదనాలి," అన్నాడు. కానీ మొనల మీద గోరు నడిపి ఆగాడు. "ఈ చెక్క మాత్రం ఇంకా పాతది. మొనలు యంత్రం కోసినవి కావు. పైభాగం ఒక మాట చెబుతోంది, లోపల ఇంకో మాట ఉంది."

"పాత కలప దొరికితే వాడానండీ. మొదట్నుంచి చివరిదాకా నా చేతులే," అన్నాడు మరిది ఛాతీ విరుచుకుని.

"ఏమయ్యా, తూకం కోసం లోపల బిగించే బరువు బోల్టు కూడా నువ్వే పెట్టావా?"

అందరూ వెనక్కి తిరిగారు. సంచి గుండెలకు హత్తుకుని పెద్దావిడ నిలబడి ఉంది.

"వదినా! నువ్వా?"

"నేనే. పోయాననుకున్నావా? అడిగినదానికి చెప్పు."

"నేను కాక ఇంకెవరు పెడతారు?"

"బోల్టు లోపల కదలకుండా చుట్టూ ఏం చుట్టావు?"

మరిది కళ్ళు నిపుణుడి మీదికీ, కర్ర మీదికీ పోయాయి. "ఏదో... గుడ్డ ముక్క. అందరూ చుట్టేదే."

"అయ్యా, మీరే వినండి," అంది పెద్దావిడ నిపుణుడితో. "మా మామగారు గుడ్డ చుట్టేవారు కాదు. గోడమీది క్యాలెండరులో ఆనాటి కాగితం చుట్టేవారు. పొద్దున్నే అది చింపి ఇవ్వడం నా పని. ఈయనగారు వార్నిష్ పూయడానికి పదింటికి తీరిగ్గా వచ్చేవాడు. అప్పటికి బోల్టు లోపల ఉండేది. విప్పి చూడండి."

"విప్పకూడదు!" మరిది అరిచాడు. "తూకం కుదిరిన కర్ర విప్పితే ఆట పోతుంది. ఏ ఆటగాడినైనా అడగండి!"

అతను నిజంగానే అది నమ్ముతాడు. అందుకే కంటికి కనిపించేవన్నీ మార్చాడు గానీ, ముప్పయ్యెనిమిదేళ్ళూ లోపలికి చెయ్యి పెట్టలేదు.

క్లబ్బు కార్యదర్శి తల ఊపాడు. నిపుణుడు లావు చివర ఉన్న రబ్బరు బిరడా తీశాడు. లోపలికి తన పనిముట్టు అందలేదు. పెద్దావిడ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి చేతికిచ్చింది. బోల్టు మూలుగుతూ బయటికొచ్చింది. దానికి అంటుకుని టీ రంగుకు తిరిగిన కాగితం.

నిపుణుడు కాగితాన్ని పట్టకారుతో విప్పి, తేదీ, నెల, సంవత్సరం గట్టిగా చదివాడు. ముప్పయ్యెనిమిదేళ్ళు. "అప్పటికి నువ్వు చెక్కలో బెజ్జం తియ్యడం కూడా నేర్వలేదు కదటోయ్ ఉస్తాదూ," అన్నాడు వెనకనుంచి ఒక ముసలి ఆటగాడు. ఎవరో నవ్వారు.

"వెనక పెన్సిలు రాత ఉంది," అన్నాడు నిపుణుడు. "ఇల్లు. ఈల. ఈగ. మళ్ళీ ఈగ."

"అది నేనే రాశాను. అక్షరాలు అప్పుడే నేర్చుకుంటున్నా. మొదటి ఈగ తప్పు పోయింది. మామగారు నవ్వి మళ్ళీ రాయించారు."

పేపరు విలేఖరి పుస్తకం తీశాడు.

"ఇప్పుడు చెప్పు," అంది పెద్దావిడ. "మీ అన్న దొంగా?"

"కాదు."

"నాకు చెవులు మందం."

ఆమె చెవులు పాము చెవులు. మరిది చెమట తుడుచుకుని, "మా అన్న దొంగ కాదు. కర్ర నా దగ్గరే ఉంది. నేనే దాచాను," అన్నాడు హాలంతా వినేలా.

అక్కడితో అయిపోవలసింది. ఆమె ఇంటికి బయల్దేరబోయింది కూడా. వరండాలో మరిది అడ్డం వచ్చి చేతులు జోడించాడు.

"వదినా, ఇంక వదిలెయ్యి. విలేఖరికి చెప్పి ఆపించు. అన్నే నన్ను క్షమించి వెళ్ళాడు."

"ఎప్పుడు?"

మరిది జోడించిన చేతులు దింపి పక్కకు తప్పుకోబోయాడు.

"ఎప్పుడు క్షమించాడని అడుగుతున్నా. వెళ్ళిన రోజు నీ మొహం కూడా చూడలేదు."

"వెళ్ళిన రెండో ఏడు," అన్నాడు నేల చూస్తూ. "చలికాలం. మన ఊరి బస్టాండులో కనిపించాడు. కర్ర లేకపోయినా సరే, నిన్నూ పాపనూ చూసి ఉండిపోతానన్నాడు. నా మీద కోపం లేదన్నాడు. అన్న ఇక్కడే ఉంటే ఎప్పటికైనా కర్ర బయటపడుతుందని భయం వేసింది. నువ్వు వేరే పెళ్ళి చేసుకుని పాపను తీసుకుని వెళ్ళిపోయావని చెప్పాను."

పెద్దావిడ కొంగు సర్దుకుని, మరిది మణికట్టు గట్టిగా పట్టుకుని హాల్లోకి ఈడ్చుకుపోయింది. డెబ్బయ్యేళ్ళ చేతిలో అంత బలం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

"రాసుకో నాయనా, అసలుది ఇప్పుడుంది," అంది విలేఖరితో. "చెప్పవయ్యా. బస్టాండులో మీ అన్నతో ఏమన్నావో, అక్షరం పొల్లుపోకుండా చెప్పు."

చెప్పించింది. మధ్యలో అతను ఏడిస్తే ఆగింది. ఏడుపు అయ్యాక, ఆపిన చోటునుంచి మళ్ళీ చెప్పించింది. సన్మానానికి తెచ్చిన జ్ఞాపిక తిరిగి పెట్టెలోకి వెళ్ళింది. కర్ర కింద చీటీ మార్చి మామగారి పేరు రాశారు. మరిది సొంత అల్లుడే అతన్ని అక్కడ వదిలేసి, కారు తీసుకుని వెళ్ళిపోయాడు. పెద్దావిడ అదంతా కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది.

పేపర్లో పడింది. కూతురు ఊరూరి పేపర్లకు పంపితే మరో మూడింటిలో పడింది. మరిది కొట్టు తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు. ఆ ఏడూ, ఆ పై ఏడూ బస్సులు వచ్చే వేళకు పెద్దావిడ గుమ్మంలోనే కూర్చుంది.

ఆమె భర్త ఇల్లు వదిలిన రెండో ఏడు చలికాలంలో బస్టాండు దాకా వచ్చి, సాయంత్రం ఆరింటి బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నడూ రాలేదు.